తిరిగిరాని కేటలీనాలు

శ్రీలంక దక్షిణ కొసన, గాలెకు దగ్గరలో కొగ్గల అనే ఊరుంది. సింహళ రచయిత మార్టిన్ విక్రమసింఘ పుట్టిన ఊరు అది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆ పల్లెను చెల్లాచెదురు చేసింది. బ్రిటిష్ వైమానిక దళం జనం చేత ఇళ్ళు ఖాళీ చేయించి, పక్కనున్న సరస్సును పడవ విమానాల రేవుగా మార్చుకుంది. 1942 ఏప్రిల్ 2న అక్కడ దిగినవాడు లియొనార్డ్ బిర్చల్. కెనడా వాళ్ళ 413వ స్క్వాడ్రన్‌కు చెందినవాడు. వయసు 26. అప్పటిదాకా స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లండ్ దీవుల చలిలో పనిచేశాడు. హిందూ మహాసముద్రం అతనికి కొత్త. వచ్చి రెండు రోజులైనా కాకముందే, ఏప్రిల్ 4న, ఎనిమిది మందిని వెంటబెట్టుకుని గస్తీకి లేచాడు.

వాళ్ళెక్కింది కేటలీనా. అమెరికాలో కన్సాలిడేటెడ్ కంపెనీ కోసం ఐజాక్ లాడన్ రూపకల్పన చేసిన విమానం. 1935లో మొదటిసారి ఎగిరింది. కిందిభాగం అచ్చంగా పడవ. దానిమీద ఒక స్తంభం, ఆ స్తంభం మీద 104 అడుగుల రెక్క. రెండు ఇంజన్లు. నీళ్ళ మీద ఒరిగిపోకుండా రెక్కల చివర ఉండే తేలుడు బుంగలు గాల్లోకి లేచాక పైకి ముడుచుకుని రెక్కల్లో భాగమైపోతాయి. నడుము దగ్గర రెండువైపులా గాజు బుడగల్లాంటి కిటికీలు. వాటి దగ్గర కూర్చున్నవాడికి సముద్రం దిగంతం దాకా కనిపిస్తుంది. ఇది గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పగలంతా, అవసరమైతే రాత్రంతా గాలిలోనే ఉండగలదు. 1941 మేలో జర్మనీ మహానౌక బిస్మార్క్ కనుమరుగైతే మళ్ళీ దాని జాడ కనిపెట్టింది ఓ కేటలీనాయే. చూడడం కోసమే పుట్టిన యంత్రం అది. పోరాడడానికి పుట్టలేదు. చూసింది చెప్పి పారిపోదామన్నా దానికి అంత వేగం లేదు. ఈ కథలో నన్ను వదలనిది ఆ సంగతే.

దాదాపు ఎనిమిది గంటలు గడిచాయి. ఇక వెనక్కి తిరుగుదామనుకుంటున్న వేళ, దక్షిణాన దిగంతం మీద చుక్కలు కనిపించాయి. ఓడలని తెలుస్తూనే ఉంది. ఎవరివి, ఎన్ని? అది తేలాలంటే దగ్గరికి వెళ్ళాలి. బిర్చల్ దగ్గరికే నడిపించాడు. దగ్గరవుతున్నకొద్దీ ఓడలు పెరిగాయి. నాలుగు నెలల కింద పెరల్ హార్బర్‌ను తగలబెట్టి వచ్చిన అడ్మిరల్ నగుమో దళం, అయిదు విమానవాహక నౌకలతో, సింహళం వైపు వస్తోంది.

రేడియో మీద వార్త పంపడం మొదలైంది. ఓడలెన్ని, ఎక్కడున్నాయి, ఎటు పోతున్నాయి. పద్ధతి ప్రకారం మూడుసార్లు పంపాలి. ఈలోగా హిర్యూ నౌక నుంచి లేచిన జీరో యుద్ధవిమానాలు చుట్టుముట్టాయి. మూడోసారి పంపుతుండగా గుళ్ళు రేడియోను ధ్వంసం చేశాయి. ఇంధనం అంటుకుంది. మంటలు ఆర్పారు, మళ్ళీ లేచాయి. ముక్కలైపోతున్న విమానాన్ని ఎలాగో నీళ్ళమీద దించగలిగారు. ఒకతను కాలు తెగిపోయి, విమానంతో పాటే మునిగిపోయాడు. మిగిలిన ఎనిమిది మందీ నీళ్ళలో పడ్డాక కూడా జీరోలు కాల్పులు ఆపలేదు. ఈదగలిగినవాళ్ళు గుళ్ళు వచ్చినప్పుడల్లా నీళ్ళలో మునిగి తప్పించుకున్నారు. స్పృహలేని ఇద్దరికి తోటివాళ్ళు లైఫ్ జాకెట్లు తొడిగారు. ఆ జాకెట్లు వాళ్ళను మునగనివ్వలేదు. ఇద్దరూ అక్కడే ప్రాణాలు విడిచారు.

ఆరుగురిని ఇసోకాజే అనే డిస్ట్రాయర్ పైకి లాగింది. వార్త పంపారా అన్నది జపాన్ వాళ్ళ ప్రశ్న. లేదన్నారు. అంతలో కొలంబో నుంచి రేడియోలో పిలుపు వచ్చింది, ఆ వార్త మళ్ళీ పంపమని. జపాన్ వాళ్ళూ విన్నారు. ఆపైన దెబ్బలు.

అస్పష్టంగానే అయినా వార్త చేరింది. రాత్రికి రాత్రి కొలంబో రేవులో ఓడలను వీలైనన్ని బయటికి పంపేశారు. మర్నాడు ఈస్టర్ ఆదివారం పొద్దున జపాన్ విమానాలు వచ్చేసరికి చాలా ఓడలు రేవు దాటిపోయాయి. బిర్చల్‌కు సింహళ రక్షకుడన్న పేరు అందుకే వచ్చింది. ఆ పేరుకు ఆయన అర్హుడే. కానీ వార్త అన్నిటినీ కాపాడలేకపోయింది. అదే రోజు కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ యుద్ధనౌకలు నడిసముద్రంలో మునిగి 424 మంది పోయారు. 9న శ్రీలంక తూర్పు తీరపు రేవు ట్రింకోమలీ మీద దాడి జరిగిన రోజే ఆ శత్రుదళం జాడ తీయబోయిన అదే స్క్వాడ్రన్ కేటలీనా ఇంకొకటి కూలిపోయింది. అందులో ఒక్కరూ మిగల్లేదు.

మధ్యలో 6వ తేదీన యుద్ధం మన గడపలోకి వచ్చింది. బంగాళాఖాతంలో తిరుగుతున్న మరో జపాన్ దళం, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి విమానాలను పంపి విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. ఆ బాంబుల సంగతి చెప్పుకునేటప్పుడు, రెండు రోజుల ముందు మనకు దక్షిణాన నీళ్ళలో పడ్డ ఆ తొమ్మిది మందినీ తలుచుకోవాలని నా కోరిక.

బిర్చల్ మూడేళ్ళ పైగా జపాన్ చెరలో ఉన్నాడు. జబ్బుపడ్డ ఖైదీలను పనికి తోలుతున్న సార్జెంటు మీద చెయ్యి చేసుకుని దెబ్బలు తిన్నాడు, వాళ్ళను ఆస్పత్రికి పంపేదాకా పట్టు వదల్లేదు. 2004లో కన్నుమూశాడు.

కొగ్గలలో కేటలీనాల బతుకు అంతటితో ముగియలేదు. 1943 నుంచి 1945 దాకా ఆస్ట్రేలియా క్వాంటాస్ సంస్థ, పెర్త్‌కూ కొగ్గలకూ మధ్య అయిదు కేటలీనాలు నడిపింది. దారిలో ఎక్కడా ఆగకుండా 5,600 కిలోమీటర్ల పైచిలుకు. శత్రువుకు జాడ తెలియకుండా రేడియో మూసేసి, నక్షత్రాలు చూసి దారి పట్టేవాళ్ళు. విమానాలకు పెట్టుకున్న పేర్లూ నక్షత్రాలవే. మన పంచాంగాల్లో ఉన్న అభిజిత్తు, శ్రవణం, జ్యేష్ఠ, చిత్త వాటిలో నాలుగు. అయిదోది ఓరియన్ రాశిలోని వేటగాడి పాదంలో మెరిసే రైజెల్. ఒకే ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసేవాళ్ళు. ముగ్గురికి మించి ప్రయాణికులు పట్టేవాళ్ళు కాదు. మిగతా బరువులో చాలా భాగం పెట్రోలే. ఇలా 271 సార్లు సముద్రం దాటాయి. ఒక్కటీ పోలేదు.

యుద్ధం అయిపోయింది. అవి అమెరికా అరువుగా ఇచ్చిన సరుకు. ఒప్పందం ప్రకారం డబ్బు కట్టాలి, లేదా తిరిగి ఇవ్వాలి, లేదా నాశనం చెయ్యాలి. నాలుగింటిని పెర్త్ ఎదుట రాట్‌నెస్ట్ దీవి అవతల సముద్రంలో ముంచేశారు. అయిదోదాన్ని సిడ్నీ వైపు ముంచారు. పత్రాల ప్రకారం అది సక్రమమే కావచ్చు. ముప్పై గంటలకు దగ్గరగా ఆ ఇంజన్ల మోత వింటూ, వాటిని నమ్ముకుని ప్రయాణించిన పైలట్ల ముఖం చూసి ఆ మాట చెప్పడం మాత్రం నా వల్ల కాదు. దశాబ్దాల తర్వాత ఆస్ట్రేలియాలో లాంగ్‌రీచ్‌లోని క్వాంటాస్ మ్యూజియం ఒక కేటలీనా కావాలనుకుంది. తమవి ఒక్కటీ మిగల్లేదు గనక స్పెయిన్ నుంచి ఒకదాన్ని కొని తెచ్చుకోవాల్సి వచ్చింది.