గుమ్మఘట్ట కుర్రాడు లోకలా, నాన్‌లోకలా?

అమెరికాలో ఎమ్మెస్ చేసినవాళ్ళకి ఇన్‌స్టేట్ ఫీజు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చదువు కోసమే వచ్చి ఉన్న కాలాన్ని అక్కడ చాలా రాష్ట్రాలు నివాసం కింద లెక్క వెయ్యవు. ఎఫ్-1 మీద ఎన్నాళ్ళున్నా సాధారణంగా పరాయివాడే. మన దగ్గర లెక్క దీనికి తలకిందులు. ఫీజు కాదు, సీటు దగ్గర వస్తుంది పేచీ. ఇల్లెక్కడ అని కాదు, ఎక్కడ చదివావు అని అడుగుతారు.

1969, 1972 ఉద్యమాల తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెనకే రాజ్యాంగంలో 371-డి, 1974 జులైలో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. రాష్ట్రాన్ని ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీల ప్రాంతాలుగా చేసి, ఒక్కోచోట 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకి పెట్టారు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివినవాడే లోకల్. అలా ఎక్కడా కుదరకపోతే, రాష్ట్రంలో వరసగా ఏడేళ్ళ చదువు చూస్తారు.

ఇక గుమ్మఘట్ట సంగతి. ఈ రాయదుర్గం ప్రాంతం 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలోదే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి, బళ్ళారి మైసూరుకి పోయింది. గీత గీశారు గానీ చుట్టరికాలు తెగుతాయా? రాయదుర్గానికి అనంతపురం కంటే బళ్ళారే దగ్గర. భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్నా కరువు వదలని చోట, హాస్టల్ ఖర్చు తప్పితే అదే పదివేలు.

2005లో ఒక కుర్రాడున్నాడనుకోండి. ఇంటర్ దాకా రాయదుర్గంలో చదివి, చుట్టాలింట్లో ఉండి బళ్ళారిలో మూడేళ్ళ డిగ్రీ చేశాడు. ఎంసీఏకి ఐసెట్ రాస్తే నాలుగేళ్ళ లెక్కా తప్పింది, ఏడేళ్ళ లెక్కా తప్పింది. అమ్మానాన్న పదేళ్ళు రాష్ట్రంలో ఉన్నారని సర్టిఫికెట్ తెచ్చుకుని మిగతా 15 శాతంలో పోటీ పడాలి. అదే చెన్నై నుంచొచ్చి అనంతపురంలో నాలుగేళ్ళు బీటెక్ చదివినవాడు ఎంటెక్‌కి దర్జాగా లోకల్!

దొంగ నివాస సర్టిఫికెట్ల కంటే స్కూలు రికార్డు నయమే, ఒప్పుకుంటాను. కానీ సరిహద్దు తాలూకాలకి ఒక్క మినహాయింపు రాస్తే ఏం పోయేది?

1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు పీజీ వైద్య సీట్లకి నివాసం ప్రాతిపదికన రిజర్వేషన్ కూడదంది. ఆంధ్రప్రదేశ్‌ని మాత్రం 371-డి ఉందని ఆ తీర్పు నుంచి పక్కన పెట్టింది.