మా స్థలానికి తూర్పు హద్దు గెడ్డ

2014 వేసవిలో అనకాపల్లిలో ఇంటి స్థలం కోసం తిరుగుతుంటే ఊరి చివర ఒక లేఅవుట్ బాగా నచ్చింది. తెల్ల రంగేసిన హద్దు రాళ్లు, వరసగా నాటిన కొబ్బరి మొక్కలు, ఎర్ర గ్రావెల్ పోసిన రోడ్డు. చుట్టూ చెరకు తోటలు. పిట్ట అరుపు తప్ప మరో చప్పుడు లేదు. పదిహేనేళ్లు విశాఖలో బస్టాండు పక్కన అద్దెకున్నవాణ్ని కదా, ఆ నిశ్శబ్దానికే సగం మనసు ఇచ్చేశాను. 167 గజాలకు బయానా కూడా కట్టేశాను. ఆ సాయంత్రం ఆవును తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగి నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏటి బాబూ, గెడ్డలో ఇల్లు కడతావేటి?”

అక్కడ వాగూ గెడ్డా ఏదీ కనపడలేదు. అదే మాట అన్నాను. ఆయన కాలితో గ్రావెల్ గీరి చూపించాడు. కింద నల్లటి ఒండ్రు మట్టి. “నీలం తుపానుకి ఇక్కడ నా నడుం దాకా నీరు. రెండేళ్లు కాలేదు” అన్నాడు.

మర్నాడు లింకు దస్తావేజులు, అంటే ఆ స్థలం వెనకటి అమ్మకాల కాగితాలు, అడిగి తెప్పించుకున్నాను. నాకు ఇవ్వబోయిన ముసాయిదాలో తూర్పు హద్దు ‘రోడ్డు’. దానికి ముందున్న దస్తావేజులోనూ అంతే. ఇంకా వెనక్కి, చేతిరాతతో ఉన్న పాత కాగితంలో తూర్పు హద్దు ‘గెడ్డ’ అని ఉంది. మూడు చేతులు మారేసరికి గెడ్డ రోడ్డయింది. బయానా వదులుకున్నాను. అప్పటికి ఆ డబ్బు నాకు పెద్దదే. కానీ ఈ ఊరి చరిత్ర చదవాలన్న పట్టుదల నాకు ఆ కాగితంతోనే పుట్టింది.

అనకాపల్లిలో ప్రశాంతంగా బతకవచ్చని ఎప్పుడో గ్రహించినవాళ్లు బౌద్ధ భిక్షువులు. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. ‘సంఘారామం’ అన్న మాటే అరిగి శంకరం అయింది. 1906లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ తవ్వకాలు మొదలుపెట్టి రాతిగుహలు, ఇటుక కట్టడాలు, సముద్రగుప్తుడి బంగారు నాణెం బయటపెట్టాడు. లింగాలకొండ మీద రాతిని తొలిచి వరసలు వరసలుగా చేసిన స్తూపాలను జనం లింగాలనుకున్నారు. ఆ కొండల మీద నిలబడి చూసినప్పుడల్లా నాకు తోచేది ఒకటే. వాళ్లు పొలాలకు, నీటికి దగ్గరగా ఉండి కూడా ఇల్లు మాత్రం రాతి మీద కట్టుకున్నారు. పల్లాన్ని పంటకు వదిలేశారు.

తర్వాత వచ్చిన ఊరూ చాలాకాలం అదే పద్ధతి పాటించింది. అనంతగిరి కొండల్లో పుట్టిన శారదా నది ఊరి పక్కగా పారుతుంది. గవరపాలెం లాంటి పాత పేటల్లో ఇళ్లు ఒకదానికొకటి భుజం ఆనించి కట్టుకున్నారు. అంత ఇరుకు ఎందుకని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. మిగిలిన నేలంతా చెరకుది కనక. ఎత్తు మీద మనుషులు, పల్లంలో పంట. నూకాంబిక జాతరకు కొత్త అమావాస్య నాడు ఆ సందుల్లో నడిచి చూడండి, ఊరు ఎంత పొదుపుగా నేల వాడుకుందో తెలుస్తుంది.

ఆ చెరకే ఈ ఊరికి పేరు తెచ్చింది. 1890ల్లో రైలు మార్గం వచ్చాక ఇక్కడి బెల్లానికి దూరపు బజార్లు అందాయి. 1913లో చెరకు పరిశోధన కేంద్రం వచ్చింది. ఇక్కడ పుట్టిన వంగడాల పేర్ల ముందు ఉండే ‘కో ఏ’లో ‘ఏ’ అనకాపల్లిదే. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇది ఒకటయింది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మార్కెట్ యార్డులో కొలగార్ల వేలం పాటలు, కళాసీల పరుగులు, రంగును బట్టి వేరు చేసిన దిమ్మల వరసలు. నా చిన్నప్పుడు మేనమామతో వచ్చినప్పుడు ఆ వాసన రైలు దిగగానే తగిలేది. ఇప్పుడు యార్డు దాకా వెళితే గాని తగలదు.

ఎందుకంటే తోటలు తగ్గిపోయాయి. చెరకు ఏడాది పంట. కూలి పెరిగింది, బెల్లం వండేవాళ్లు దొరకడం కష్టమైంది, తుమ్మపాల సహకార చక్కెర కర్మాగారం మూతపడింది. రైతుకు పంట మీద ఆశ సన్నగిల్లే సమయానికే విశాఖ ఇటువైపు పెరిగింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసిన రోజు నుంచే ఆ పెరుగుదల దిక్కు ఖాయమైందని నా అభిప్రాయం. ఆ వెనక పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ వచ్చాయి. 2013లో అనకాపల్లి పురపాలక సంఘాన్ని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. 2022 ఏప్రిల్ 4న ఇదే ఊరు కొత్త జిల్లాకు కేంద్రమైంది. అంటే ఒకే ఊరు ఇప్పుడు ఒక నగరానికి శివారు, ఒక జిల్లాకు రాజధాని. ఈ రెండు హోదాలూ స్థలాల ధరకు రెక్కలు తొడిగాయి. గెడ్డలకు, చెరువులకు మాత్రం ఏ హోదా రాలేదు.

ఇక్కడ భూమి కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఉత్తరాంధ్రలో ఎక్కువ గ్రామాలు ఒకప్పుడు జమీందారీల కిందివి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ఆ గ్రామాలను కొలిచి సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ రాశారు. ఎస్‌ఎఫ్‌ఏ అని పిలుస్తారు. ఏ సర్వే నంబరు జిరాయితీ (సొంత పట్టా నేల), ఏది ప్రభుత్వ బంజరు, ఏది గెడ్డ పోరంబోకు, ఏది చెరువు గర్భం అన్నది అందులో ఉంటుంది. బ్రోకరు మీకు రెవెన్యూ రికార్డు వన్-బి చూపిస్తాడు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) చూపిస్తాడు. ఈసీలో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. ఆ నేల పుట్టుక ఏమిటో ఈసీ చెప్పదు, ఎస్‌ఎఫ్‌ఏ చెబుతుంది. పేదలకు ఇచ్చిన డీ-పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చిన మాట నిజమే. అయినా ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడకుండా రూపాయి తీయకూడదు. లేఅవుట్‌కు ఎల్‌పీ నంబరు, అంటే అనుమతి నంబరు, ఉందా, పార్కుకు వదలాల్సిన పదో వంతు నిజంగా వదిలారా అన్నది ప్లాను పట్టుకుని నేల మీద నడిచి చూసుకోవాలి. పార్కు అని గీసిన చోట ఇళ్లు లేచిన లేఅవుట్లు నేను స్వయంగా చూశాను.

కాగితాలకన్నా పాతవి పేర్లు. మెట్ట అంటే ఎత్తు నేల. సుంకరమెట్ట అనే ఊరి పేరులో అదే ఉంది. ఆవ అంటే నీరు నిలిచే పల్లం. కొండకర్ల ఆవ సరస్సును చూసినవాళ్లకు ఆ మాట అర్థం చెప్పనక్కర్లేదు. బంద అంటే చిన్న చెరువు. గెడ్డ అంటే కొండవాగు. వేసవిలో ఎండి ఉంటుంది, ఆశ్వయుజంలో వస్తుంది. మా తాతల కాలంలో ప్రతి మడికీ ఇలాంటి పేరొకటి ఉండేది. లేఅవుట్ వేయగానే ఆ పేరు పోయి ఎన్‌క్లేవ్ అనో గార్డెన్స్ అనో బోర్డు లేస్తుంది. నేల స్వభావం తెలిపే ఒక్క మాట చెరిగిపోతుంది. నాకు ఈ మార్పులో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

నేను బయానా వదులుకున్న 2014లోనే, అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. నాలుగో రోజు సైకిలు వేసుకుని నేను వదులుకున్న స్థలం చూడటానికి వెళ్లాను. హద్దు రాళ్లు నీళ్లలో ఉన్నాయి. మోకాలి పైదాకా నీరు, మధ్యలో సన్నగా ప్రవాహం. గెడ్డ తన దారి మరిచిపోలేదు.

మరుసటి ఏడాది మెట్ట మీద 150 గజాల్లో ఇల్లు కట్టుకున్నాం. బోరు లోతుగా వేయాల్సి వచ్చింది, బజారుకు ఇంకో కిలోమీటరు దూరం. అయినా ఇక్కడి జీవితం నాకు తృప్తిగా ఉంది. పొద్దున్నే రైలుకు వెళ్లేవాళ్లు స్కూటర్లు తీసే చప్పుడు, తర్వాత పాలవాడి గంట, పదికల్లా వీధంతా సద్దుమణుగుతుంది. మా వీధిలో ఉక్కు కర్మాగారంలో రిటైరైనవాళ్లు, టీచర్లు, సెజ్‌లో షిఫ్టులు చేసే కుర్రాళ్లు ఉన్నారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది పోయిన రాత్రి, ఆ కుర్రాళ్లు ఇంటికి చేరేదాకా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. ప్రశాంతమైన శివారు అంటే ఏ పనుల మీద ఆధారపడి నిలబడిందో ఆ రాత్రి అందరికీ అర్థమైంది.

నాకు దారి చూపిన పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన పోకముందు మూడు సాయంత్రాలు కూర్చుని ఆ చుట్టుపక్కల మడుల పేర్లు చెబితే రాసుకున్నాను. నలభై రెండు పేర్లు. మీ ఊళ్లోనూ అలాంటివాళ్లు ఇంకా ఉంటారు. వెళ్లి రాసుకోండి, ఆలస్యం చేయకండి. ఇక అనకాపల్లిలో స్థలం చూడటానికి వచ్చేవాళ్లకు నా మనవి. వేసవిలో రాకండి. పెద్ద వాన కురిసిన మర్నాడు రండి, చెప్పులు చేత్తో పట్టుకుని స్థలం చుట్టూ ఒకసారి నడవండి.