ఒకే దీపపు వెలుగులో తల్లీ బిడ్డా



1850ల దశకములో ఆళ్లగడ్డ ప్రాంతపు ముత్యాలపాడులోను, పిమ్మట నంద్యాలలోను ఎస్.పి.జి. మిషనరీలు పరిచర్య సాగించిరి. అంటరానివారని బడి గడప తొక్కనివ్వని మన పూర్వికులకు ఆ విధముగా అక్షరము దక్కినది. పల్లెలలో ఉపదేశియే ఉపాధ్యాయుడు. పగలు పశువులు కాచే పిల్లలకు, కూలికి పోయే పెద్దలకు రాత్రి బడియే దిక్కు.

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమము ఆరంభమైనది. అయినను 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి కర్నూలు జిల్లా పురుషులలో నూటికి 70 మంది, స్త్రీలలో సుమారు 50 మందే అక్షరాస్యులు. బిడ్డకు పలక ఇచ్చితిమి; తల్లిని మరచితిమి. బిడ్డ పాఠము చదువునప్పుడు తల్లిని ప్రక్కన కూర్చుండబెట్టుదము. ఇద్దరికి ఒక్క దీపము చాలును.