ఊట ఒకటే, పేర్లే వేరు

2025 అక్టోబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో నకిలీ మద్యం గుట్టు రట్టయింది. పట్టుబడినవాటిలో సరుకుతోపాటు ఖాళీ సీసాలు, లేబుళ్లు కూడా ఉన్నాయి. మందుకు పేరు ఎంత ముఖ్యమో దొంగలకు బాగా తెలుసు. పాపం, నాటుసారాకు ఏ లేబులూ లేదు.

నిజానికి అది రమ్ముకు దాయాదే. నల్లబెల్లం నీళ్లలో కలిపి పులియబెడితే ఊట. దాన్ని బట్టీ మీద కాచి, ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే సారా. 17వ శతాబ్దంలో కరీబియన్ దీవుల్లో చెరకు మడ్డిని ఇలాగే కాచి రమ్మన్నారు. చక్కెర మిల్లు మొలాసిస్‌తో డిస్టిలరీలో తయారై, రంగు పూసుకుని సీసాలోకెక్కితే ఇక్కడా రమ్మే. అదే చెరకు బెల్లమై ఊరి పొలిమేరలో కాగితే కేసు!

అరబ్బీలో 'అరక్' అంటే చెమట. కాగే ఊట ఆవిరి చల్లటి మూత తగిలి బొట్లుబొట్లుగా దిగడం చూస్తే, పేరు పెట్టినవాడి చూపును మెచ్చుకోవాల్సిందే. ఇంగ్లీషువాళ్లు మన సారాను 'ఆరక్' అన్నది ఆ మాటతోనే.

వాళ్ల ఓడ 1611లో నిజాంపట్నం మీదుగా బందరు చేరింది. నిజాంపట్నాన్ని వాళ్లు పెటపోలి అనేవారు. అక్కడున్న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగికి తోటివాడొకడు 1632లో ఉత్తరం రాస్తూ, పంచ్ తాగడం గురించి ప్రస్తావించాడు. ఇంగ్లీషులో ఆ పానీయం పేరు కనిపించే అతి పాత దాఖలాల్లో అదొకటి. సారాలో నిమ్మరసం, చక్కెర, నీళ్లు, మసాలా కలిపితే అయిదు సరుకులు. అందుకే 'పంచ్' అయిందని 1670లలో మన దేశం తిరిగిన జాన్ ఫ్రయర్ భాష్యం. అందరూ ఒప్పుకోరు గానీ, వినడానికి బాగుంది. తర్వాత ఇంగ్లండులో పంచ్ గిన్నెలోకి సారాకు బదులు రమ్ము వచ్చింది.

సారాకు దొరికిన గొప్ప పేరు మాత్రం సర్కారు పెట్టిందే. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం 'వారుణి వాహిని' అంటూ ప్యాకెట్లలో ఊరూరికీ పంపింది. వారుణి అంటే పాలసముద్రం చిలికినప్పుడు పుట్టిన మద్య దేవత. కూలి డబ్బులు ప్యాకెట్లకే పోతుంటే ఆడవాళ్లు ఆ దేవతను లెక్కచేయలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన తిరుగుబాటు జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బందు.

సర్కారు సారా పోయినా నాటుసారా బట్టీలు ఆరలేదు. తెలంగాణలో నాటుసారాను గుడుంబా అన్నారు. దాన్ని మాన్పించడానికని 2015లో అక్కడి ప్రభుత్వం 'చీప్ లిక్కర్' తెస్తానంది. విమర్శలు చెలరేగడంతో ఆ ఆలోచన మానుకుంది.