అసర్ తర్వాత ఒక గంట



పోయిన నెల గుర్రంకొండలో మా ఆపా ఇంటికి వెళ్లాను. అక్కడికి ఎప్పుడు వెళ్లినా నా మామూల్ ఒకటే. ముందు ఖిల్లా కింద రంగీన్ మహల్ చూస్తాను. తర్వాత టిపూ సుల్తాన్ మేనమామ మీర్ రజా అలీ ఖాన్ మక్బరా దగ్గర ఫాతిహా చదువుతాను. తవారీఖ్ పిచ్చి ఉన్నవాడికి ఆ ఊళ్లో పొద్దు తెలియదు. ఈసారి మాత్రం పాత రాళ్లు కాదు, ఇంట్లో నడుస్తున్న ఒక బహస్ నన్ను పట్టుకుంది.

ఆ మొహల్లాలో ఇంజినీరింగ్ చదివిన ఒక అమ్మాయి అసర్ నమాజ్ తర్వాత గంటసేపు చిన్నపిల్లలకు కోడింగ్ నేర్పుతోంది. రెండో క్లాసు నుంచి ఐదో క్లాసు దాకా. రెండు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక పెద్ద చాప, అంతే సామాను. మా దూలాభాయ్ కొడుకు పేరు ఇచ్చేశారు. మూడో క్లాసు చదివే కూతురి పేరు ఇవ్వలేదు. "లడ్కీకు కైకు?" అన్నారు. మగ్రిబ్ తర్వాత ఎలాగూ మక్తబ్ ఉంది, బడి చదువుంది, ఇంకా ఇదెందుకన్నారు. ఆపా ఏమీ అనలేదు. నా భాంజీ మాత్రం పక్కకొచ్చి కూచుని మెల్లగా అడిగింది: "మామూ, కోడింగ్ బోలే తో క్యా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఉర్దూలోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు.

నేను చదివింది ఉర్దూ మీడియం బడి. మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. దానికి గుడ్డ కప్పి, గదికి తాళం వేశారు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్ రోజున గుడ్డ తీసేవారు. కంప్యూటర్ తారీఫ్ ఏమిటో ఐదు లైన్లు జబానీ అప్పజెప్పి నేను పూర్తి మార్కులు తెచ్చుకున్నాను, ఒక్క మీట కూడా నొక్కకుండానే. నా తరంలో చాలామందికి కంప్యూటర్ అంటే అదే: తాళం వెనక ఉన్న వస్తువు, పరాయివాళ్ల ఇల్మ్.

పరాయివాళ్లదేనా? ఆ రాత్రి భాంజీకి చెప్పిన తవారీఖే మీకూ చెబుతాను.

తొమ్మిదో సదీలో, ఖలీఫా మామూన్ హయాంలో, బగ్దాద్‌లో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్-ఖ్వారిజ్మీ అనే ఆలిమ్ ఉండేవారు. హిందుస్తాన్ నుంచి వెళ్లిన అంకెలతో లెక్కలు ఎలా చేయాలో ఆయన ఒక కితాబ్ రాశారు. పన్నెండో సదీలో అది లాటిన్‌లోకి తర్జుమా అయింది. ఆయన పేరు ఆ నోళ్లలో పడి "అల్గోరిత్మి" అయింది. ఇవాళ కంప్యూటర్ వాళ్లు రోజూ పలికే అల్గారిథమ్ అనే మాట ఆయన పేరే. అల్గారిథమ్ అంటే ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా వరసగా, అనుమానానికి తావు లేకుండా చెప్పడం. వుజూ నేర్చుకున్న ప్రతి పిల్లకూ ఇది అర్థమవుతుంది: చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా, మసహ్, కాళ్లు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఎన్నిసార్లు.

రెండో ముచ్చట మదనపల్లెలోనే ఉంది. నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గాలు చూశారా? మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలు దండలా కట్టి వేలాడుతుంటాయి. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అలా చీర అంచు మీద నెమలి దిగుతుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జాకార్డ్ అనే ఆయన తెచ్చిన తర్కీబ్ ఇది. మన నేతవాళ్లు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ ఈ అట్టలనే లెక్కల యంత్రానికి వాడాలనుకున్నాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు. కానీ అది లెక్క ఎలా చేయాలో 1843లో వరస రాసి అచ్చు వేయించింది ఏడా లవ్‌లేస్. మొదటి ప్రోగ్రామర్ అని చాలామంది చెప్పేది ఆమెనే. ఈ మాట చెప్పేటప్పుడు నేను దూలాభాయ్ వైపు చూడలేదు, కానీ గొంతు కొంచెం పెంచాను.

మూడో ముచ్చట పిల్లలది. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోర్జిగ్, సింథియా సాలమన్ అనే ముగ్గురు తమ సాథీలతో కలిసి పిల్లల కోసం "లోగో" అనే కంప్యూటర్ భాష తయారు చేశారు. అందులో తర్వాత ఒక తాబేలు వచ్చి చేరింది. పిల్లలు హుకుం ఇస్తే అది నడుస్తూ గీత గీస్తుంది. కంప్యూటర్ పిల్లలకు పాఠం అప్పజెప్పడం కాదు, పిల్లలే కంప్యూటర్‌కు పని నేర్పాలన్నది పాపర్ట్ ఖయాల్. 2007లో ఎంఐటీ వాళ్లు బయటికి తెచ్చిన "స్క్రాచ్" ఆ తాబేలుకు వారసురాలే. రంగు రంగు దిమ్మెలు ఒకదానికింద ఒకటి పేర్చితే తెర మీద పిల్లి నడుస్తుంది. పైసా ఖర్చు లేదు. ఆ మొహల్లా అమ్మాయి నేర్పేది అదే.

మరి మన దేశంలో? 1984లో కేంద్ర ప్రభుత్వం "క్లాస్" అనే పథకం కింద సుమారు 250 హైస్కూళ్లకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కుప్పంలో 2002లో హెచ్‌పీ కంపెనీ "ఐ-కమ్యూనిటీ" అని మూడేళ్ల పథకం పెట్టింది. ఊళ్లలో కంప్యూటర్ కేంద్రాలు తెరిచారు. అందులో నా మనసులో నిలిచింది ఒక్కటే. పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, సోలార్ కరెంటుతో నడిచే ప్రింటర్ ఇచ్చారు. వాళ్లు ఊరూరా ఫొటోలు తీసి సంపాదించారు. పథకం గడువు తీరుతుంది, కంపెనీ వెళ్లిపోతుంది, మెషీన్ పాతబడుతుంది. చేతికి అబ్బిన హునర్ మిగులుతుంది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2020లో లాక్‌డౌన్ వేళ, కోడింగ్ రాకపోతే మీ పిల్లలు వెనకబడిపోతారని, వస్తే కోట్లు కురుస్తాయని ప్రకటనలు హోరెత్తాయి. ప్రకటనల మీద నిఘా పెట్టే కౌన్సిల్ వాటిలో కొన్నింటిని తీసేయించింది. ఆ భయంతో పిల్లల్ని పంపకండి. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం కోడింగ్‌ను ఆరో క్లాసు నుంచి మొదలయ్యే దశలో పెట్టింది. ఎనిమిదేళ్ల పిల్ల కోడింగ్ నేర్వకపోతే ఖయామత్ ఏమీ రాదు. కానీ డబ్బున్న ఇళ్లలో పిల్లలు ముందే మొదలుపెడుతున్నారు. మన మొహల్లాల్లో మొదలుపెట్టినా అబ్బాయిల పేర్లే ముందు పడుతున్నాయి. నాకు ఫికర్ అక్కడే. నా కాలంలో తాళం గదికి ఉండేది. ఇప్పుడది ఆడపిల్ల పేరు మీద పడుతోంది.

మర్నాడు పొద్దున ఆపా ఇంటి ఆంగన్‌లో నేనే తాబేలునయ్యాను. నాతో చౌకం గీయించాలి, హుకుం భాంజీది. చేతిలో చాక్‌పీస్ పట్టుకుని వంగి నిలబడ్డాను. "ఆగే చార్ ఖదమ్. సీదే హాత్ కు ఫిరో." నడిచాను, తిరిగాను. "ఆగే చార్ ఖదమ్. సీదే హాత్ కు ఫిరో." మళ్లీ అంతే. మూడో మలుపులో కంగారుపడి "బాయే హాత్" అంది. తాబేలుకు సొంత బుద్ధి ఉండదు కదా, ఎడమకు తిరిగి నాలుగడుగులు వేసి గోడకు గుద్దుకున్నాను. పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక పిల్ల నేల మీది గీతను మొదటి నుంచి వేలితో తడిమింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. "తీస్రా గలత్ బోలీ మై" అంది. తుడిచి మళ్లీ చెప్పింది. ఈసారి చౌకం మూసుకుంది.

నేను చెప్పాల్సిన జవాబు అదే. కోడింగ్ బోలే తో ఇదే బేటీ: సాఫ్‌గా చెప్పడం, తప్పితే ఎక్కడ తప్పిందో సిగ్గుపడకుండా నువ్వే వెతుక్కోవడం.

దూలాభాయ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. చాయ్ తాగుతూ ఏమీ అనలేదు. సాయంత్రం అసర్ అయ్యాక చెప్పుల చప్పుడు విని బయటికి చూశాను. పిల్లలిద్దరూ గల్లీలో పోతున్నారు, ముందు భాంజీ, వెనక తమ్ముడు.

మీ ఊళ్లో చదువుకున్న అమ్మాయో అబ్బాయో ఉంటే అడగండి. ఒక చాప, పాతదే అయినా ఒక కంప్యూటర్, అసర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య ఒక గంట చాలు. మక్తబ్ పాఠానికి అడ్డు రాదు. పేర్లు రాసేటప్పుడు మాత్రం ఆడపిల్ల పేరు మర్చిపోకండి.

అల్లా హాఫిజ్.