బొబ్బ ఏ పొరలో పుట్టినది?

కొండవీటి కొండల దిగువ ఒక పల్లెలో శిశువు జన్మించినదనుకొందాము. ఎత్తుకొన్న చోట, బట్ట ఒరసిన చోట చర్మము పైకి లేచి నీటి బొబ్బ అవుతున్నది. గ్రహపాటని ఒకరు, అంటురోగమని మరొకరు అంటారు. రెండూ కావు. ఇది జన్యులోపము వలన కలిగే వ్యాధి. జర్మన్ వైద్యుడు కోబ్నర్ 1886లో దీనికి ‘ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా’ అనే పేరు పెట్టాడు.

పేరు ఒకటే గాని రకములు అనేకము. కొందరికి బొబ్బలు మచ్చ లేకుండా మానిపోతాయి. కొందరికి మచ్చలు పడి వ్రేళ్ళు అతుక్కొనిపోతాయి. 1935లో హెర్లిట్జ్ వర్ణించిన రకములో శిశువులు సాధారణముగా మొదటి రెండు మూడేళ్ళలోపే మరణిస్తారు. పుట్టిన తొలి దినములలో ఇవన్నీ ఒక్కలాగే కనిపించవచ్చును. బిడ్డ బ్రతుకుతుందా అని తల్లి అడిగితే, కంటితో చూచి జవాబు చెప్పుట సాధ్యము కాదు.

కోట గోడ కూలినప్పుడు రాయి పగిలినదా, సున్నము వదిలినదా, పునాది కదలినదా అని చూస్తాము. చర్మము సంగతీ అంతే. పైన బాహ్యచర్మము, క్రింద అంతశ్చర్మము, రెంటికీ నడుమ అతిపలుచని ఆధారత్వచము వున్నవి. చీలిక ఎక్కడ వచ్చినదన్నదే ప్రశ్న. సాధారణ సూక్ష్మదర్శినిలో ఈ తేడా స్పష్టముగా తెలియదు. 1962లో అమెరికాలో రోజర్ పియర్సన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయముతో చీలికలను మూడుగా విభజించాడు. బాహ్యచర్మపు అడుగు కణములలోనే వచ్చేది ఒకటి, ఆధారత్వచములో వచ్చేది రెండవది, దాని దిగువ వచ్చేది మూడవది.

ఆ యంత్రము ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. 1981లో హింట్నర్, ఆయన సహచరులు సులభమైన మార్గము చూపారు. నాల్గవ రకపు కొల్లాజెన్ ఆధారత్వచములో వుంటుంది. దానికి అంటుకొనే ప్రతిరక్షకమునకు మెరిసే రంగు కట్టి చర్మపు ముక్కపై వేస్తారు. మెరుపు బొబ్బ పైకప్పులో కనిపిస్తే చీలిక ఆధారత్వచము దిగువ వచ్చినదన్నమాట. బొబ్బ అడుగున కనిపిస్తే చీలిక అంతకు పైన వచ్చినట్లు. పాత బొబ్బ మానుతూ మోసగిస్తుంది కనుక, చర్మమును మెల్లగా రుద్ది అప్పుడే లేచిన బొబ్బ అంచు నుండి ముక్క తీస్తారు.

తరువాత అన్వేషణ జన్యువుల దాకా సాగినది. 1991లో కెరాటిన్ 14 జన్యువులోను, 1993లో ఏడవ రకపు కొల్లాజెన్ జన్యువులోను లోపములు బయటపడినవి. ఈ కొల్లాజెన్ చర్మపు పొరలను కట్టివుంచే త్రాళ్ళను నిర్మిస్తుంది. దాని జన్యువులో 118 ఎక్సాన్లు వున్నవి. కొండవీటి చాంతాడువంటి ఆ అక్షరముల వరుసలో ఒక్క అక్షరము తారుమారైనా లోపము కలుగవచ్చును. నేడు కొద్దిపాటి రక్తముతో ఆ వరుసనంతా చదువవచ్చును. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్ ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ కేంద్రము వంటి సంస్థలు జన్యువ్యాధుల పరీక్షలు చేస్తున్నవి.

మన ప్రాంతములో ఈ పరీక్షకు మరొక ప్రయోజనమున్నది. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికములపై 1963లో పరిశోధన ప్రకటించాడు. దగ్గరి బంధువులైన దంపతులు ఇద్దరిలోనూ ఒకే లోపము దాగివుండే అవకాశము ఎక్కువ. వ్యాధి అంతర్గత లక్షణముగా వచ్చేదైతే ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదము వుంటుంది. బహిర్గత లక్షణముగా వచ్చి, తల్లిదండ్రులలో ఒకరికి వ్యాధి వున్నట్లయితే ప్రమాదము సగము. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యవంతులై, బిడ్డలోనే లోపము క్రొత్తగా పుట్టినదైతే ప్రమాదము బహుస్వల్పము. ఏది నిజమో ప్రయోగశాల చెప్పవలసినదే. లోపము తెలిసినచో తరువాతి గర్భములో ముందే పరీక్షించుకొనవచ్చును.

2023లో అమెరికాలో ఏడవ రకపు కొల్లాజెన్ జన్యువును పుండుకు అందించే లేపనమునకు అనుమతి లభించినది. అది ఆ ఒక్క లోపమునకే పనికివస్తుంది. కాబట్టి చికిత్స మాట ఎత్తుటకు ముందే వ్యాధి పేరు సరిగా తెలియవలెను. తల్లిని నిందించుట, బిడ్డను వెలివేయుట ఎవరికీ మేలు చేయవు.