అండమాన్‌కు బంక్ టిక్కెట్టు

విశాఖపట్నం రేవు నుంచి అండమాన్ వెళ్లే ప్రభుత్వ ఓడలో అన్నిటికన్నా చవకైన తరగతి బంక్. డీలక్స్, ఫస్ట్, సెకండ్ క్లాసు గదులు పై అంతస్తుల్లో ఉంటే, బంక్ అడుగున ఉంటుంది. పొడుగాటి హాలు, అందులో కిందొకటి మీదొకటిగా ఇనప మంచాల వరసలు. స్నానాల గదులు అందరికీ ఉమ్మడి. ఇంజను మోత నిద్దట్లో కూడా వదలదు. సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం, రెండున్నర రోజుల ప్రయాణం. సునామీకి ముందు, డిగ్రీ పరీక్షలు రాసేసిన వేసవిలో మేం నలుగురు స్నేహితులం భుజాలకు సంచులు తగిలించుకుని ఎక్కింది ఆ తరగతిలోనే. టిక్కెట్లు రేవు గేటు దగ్గర భానోజీరావు, గరుడ పట్టాభిరామయ్య కంపెనీలో ఇచ్చేవాళ్లు. తలా ఇంత వేసుకున్న డబ్బు మాలో లెక్క తప్పనివాడి చేతికి ఇచ్చాం. గంగవరం నుంచి వచ్చిన మావాడు అమ్మ కట్టిచ్చిన ఎండు నెత్తళ్ల వేపుడు డబ్బా తెచ్చాడు. ఓడలో కూపన్ల భోజనం మీద ఒకపూట ఖర్చు మిగిలితే హేవ్‌లాక్ దీవిలో ఒకరోజు ఎక్కువ ఉండొచ్చన్నది మా లెక్క.

ఆ ఓడ పేరు స్వరాజ్ ద్వీప్. 1999లో మా ఊళ్లోనే, హిందూస్థాన్ షిప్‌యార్డులో తయారైంది. మా నాన్న అక్కడ వెల్డరు. ఎక్కేముందు నన్ను పక్కకు పిలిచి, ఓడ వెనకభాగంలో తను పనిచేసిన చోటు ఎక్కడుంటుందో చెప్పాడు. నేను వెళ్లి ఆ అతుకుల మీద చెయ్యి పెట్టి చూశాను. చవగ్గా తిరిగి రావాలని బయలుదేరినవాణ్ని, ఈ చవక ఎవరి పుణ్యమో తెలుసుకోవాలన్న ఆలోచన నాకు అక్కడే మొదలైంది.

హాల్లో మా చుట్టూ ఉన్నవాళ్లు యాత్రికులు కారు. పురిటికి పుట్టింటికొచ్చి బిడ్డతో తిరిగి వెళుతున్న శ్రీకాకుళం అమ్మాయి, వలలు మూటగట్టుకున్న జాలర్లు, చుట్టాల పెళ్లి చూసుకుని వస్తున్న బెంగాలీ రైతు కుటుంబం. మాకు సాహసంగా తోచిన ఆ ఓడ వాళ్లకు ఆర్టీసీ బస్సు లాంటిది. ఆ తరగతి వాళ్ల కోసమే పుట్టింది.

నిజానికి ఉత్తరాంధ్రవాళ్లకు ఇలాంటి ప్రయాణం అంతకుముందే అలవాటు. మా తాతల కాలంలో కూలికి పోవడమంటే రంగం, అంటే రంగూన్, పోవడమే. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లలో వేలమంది డెక్కు మీదే పడుకుని రంగూన్ చేరేవాళ్లు. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోసేవాళ్లు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చేసరికి ఆ బతుకు తెగిపోయింది. అడవుల వెంట, కొండల వెంట నడిచి తిరిగొచ్చినవాళ్ల కథలు మా వీధిలో ముసలివాళ్లు చెప్పేవాళ్లు. రంగం దారి మూసుకుపోయాక మా తీరానికి మిగిలిన తూర్పు దారి అండమాన్ ఒక్కటే. అయితే ఆ పేరు చెబితే జనం భయపడేవాళ్లు. దానికి కారణం ఉంది.

1858 మార్చి 10న జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. అంతకుముందు సంవత్సరం సిపాయిల తిరుగుబాటులో పట్టుబడినవాళ్లను దాచడానికి సర్కారుకు దూరపు చోటు కావలసి వచ్చింది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పెట్టిన మొదటి స్థావరం జ్వరాలకు తట్టుకోలేక 1796లో ఎత్తేశారు. ఈసారి ఎత్తెయ్యలేదు. చెట్లు కొట్టింది, చిత్తడి పూడ్చింది, రేవు కట్టింది ఖైదీలే. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన సెల్యులర్ జైలుకు ఇటుకలు మోసిందీ వాళ్లే. ద్వీపాంతర శిక్ష పడ్డవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. రంప తిరుగుబాట్లలో పట్టుబడ్డ మన్యం మనుషుల్ని అక్కడికి పంపారు. 1933 కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఆ జైలు చూశాడు. మహారాజా అనే స్టీమరు కలకత్తా, మద్రాసు, రంగూన్‌ల నుంచి ఉత్తరాలనూ, సరుకులనూ, సంకెళ్లతో ఉన్న మనుషులనూ పోర్ట్ బ్లెయిర్‌కు చేరవేస్తుండేది. 1911లో సావర్కర్‌ను తీసుకెళ్లింది ఆ ఓడలోనే.

1949లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులను అండమాన్‌కు దాటించిన ఓడ పేరూ మహారాజాయే. ఈ సంగతి తెలిసినప్పుడు నా మనసు చాలా కలతపడింది. దేశం ముక్కలై ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లను, కాలాపానీ అని అండమాన్‌కున్న పేరు వింటేనే వణికే మనుషులను, ఖైదీల్ని మోసిన ఓడ పేరే ఉన్న ఓడలో ఎక్కించారు. వాళ్లను అంత దూరం పంపకూడదని కలకత్తాలో పెద్ద గొడవే జరిగింది. అయినా ఒక జట్టు తర్వాత ఒక జట్టు వెళ్లింది. 1953 నుంచి నడిచిన వలస పథకంలో ఒక్కో కుటుంబానికి ఐదెకరాల పల్లం, ఐదెకరాల మెరక ఇచ్చారు. ఇచ్చారంటే, అడవి ఇచ్చారు. పొలం చేసుకోవలసింది వాళ్లు.

ఇవాళ పర్యాటకులు తిరిగే చోట్లలో సగం వాళ్లు చేసుకున్న పొలాల అంచులే. హేవ్‌లాక్‌లో గోవిందనగర్, విజయనగర్, కృష్ణనగర్, శ్యామ్‌నగర్, రాధానగర్. నీల్‌లో రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. దీవుల పేర్లేమో 1857 తిరుగుబాటును అణచిన ఇద్దరు సేనాధిపతులవి. ఆ నీల్ మద్రాస్ ఫ్యూజిలియర్స్ దళంవాడు. అలహాబాదులో అతను ఉరితీయించినవాళ్లకు లెక్కలేదు. మద్రాసు మౌంట్ రోడ్డు మీద అతని విగ్రహం తీసెయ్యాలని 1927లో సత్యాగ్రహం జరిగింది, 1937లో రాజాజీ ప్రభుత్వం దాన్ని తొలగించింది. దీవి పేరు మాత్రం 2018 దాకా అలాగే ఉంది. అప్పుడు నీల్ షహీద్ ద్వీప్ అయింది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. 1943 డిసెంబరులో సుభాష్ చంద్రబోస్ మొత్తం అండమాన్, నికోబార్ దీవులకు పెట్టిన పేర్లవి. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది.

మా తీరంవాళ్లు మరో రకంగా వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక రోడ్లూ, జెట్టీలూ, ఇళ్లూ కట్టడానికి కూలీలు కావలసి వచ్చింది, చేపలు పట్టడానికి జాలర్లు కావలసి వచ్చింది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి ఒకరి వెంట ఒకరు వెళ్లారు. 2011 జనగణనలో దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాష అన్నవాళ్లు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవుకు పొద్దున్నే వెళితే మా గంగవరం యాస వినిపిస్తుంది.

మా గంగవరం స్నేహితుడి మేనమామ ఉండేది అక్కడే. ఓడ హాడో రేవులో ఆగేసరికి గేటు బయట నిలబడి ఉన్నాడు. లాడ్జి చూసుకుంటామని మావాడు నసుగుతుంటే కోపమొచ్చింది ఆయనకి.

“ఏటల్లుడూ, మాయ్య ఇల్లు ఉండగా లాడ్జీ ఏటి? ఆ డబ్బులెట్టుకుని ఇంకో రెండు దీవులు సూడండి. అరుగుంది, సాపలున్నాయి, పడుకోండి.”

రాత్రి భోజనాల దగ్గర మాకు దారులు చెప్పింది ఆయనే. ఫీనిక్స్ బే జెట్టీలో ఏ బోటు ఏ రోజు బయలుదేరుతుంది, తెల్లవారకముందే వరసలో ఎందుకు నిలబడాలి, హేవ్‌లాక్ నుంచి నీల్‌కి ఎలా దాటాలి, రంగత్‌కు సామాను తక్కువగా ఎందుకు పట్టుకెళ్లాలి. దీవుల మధ్య తిరిగే ప్రభుత్వ బోట్లలో స్థానికులకు వరస వేరు, ధర వేరు. మాలాంటి బయటివాళ్లు కొంచెం ఎక్కువ కట్టాలి. అదీ చాలా తక్కువే. ఎందుకంటే ఆ బోటు నడిచేది లాభానికి కాదు. ఆసుపత్రికి, కాలేజీకి, కోర్టుకి, సంతకి పోర్ట్ బ్లెయిర్ తప్ప దిక్కులేని మనుషుల కోసం. ఖర్చులో పెద్దభాగం ప్రభుత్వం భరిస్తుంది. నీల్ జెట్టీలో మేం ఎక్కిన బోటులో మాకన్నా ముందు కూరగాయల బుట్టలు ఎక్కాయి. అండమాన్ తినే కూరలు ఆ చిన్న దీవిలో చాలానే పండుతాయి. సొరకాయలూ వంకాయలూ సర్దుకున్నాక మిగిలిన చోటే మాది. ఆ పద్ధతి నాకు సబబుగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

టిక్కెట్టు లేకుండా దీవులు దాటినవీ ఉన్నాయి. కలప కొట్టే రోజుల్లో మొద్దులు లాగడానికి ఏనుగుల్ని తెచ్చారు. ఒక దీవిలో పని అయిపోతే అవి ఈదుకుంటూ పక్క దీవికి వెళ్లేవి. ఉత్తర అండమాన్‌లో కలప కొట్టిన పి.సి. రే కంపెనీ 1962లో మూతపడితే, వదిలేసిన ఏనుగులు ఇంటర్‌వ్యూ దీవిలో అడవి ఏనుగులైపోయాయి. 2002లో సుప్రీంకోర్టు కలప నరకడం మీద ఆంక్షలు పెట్టాక మిగిలిన ఏనుగులకు పని పోయింది. వాటిలో రాజన్ అనేది హేవ్‌లాక్‌లో ఉండి, సముద్రంలో ఈదుతూ ప్రపంచమంతా ఫొటోలకెక్కింది. 2016లో చనిపోయింది. ఆ దీవుల్లో ఏ జీవి చేసిన చాకిరీ గురించీ తక్కువ చెప్పుకోకూడదు, అందుకే వీటినీ తలుచుకుంటున్నాను.

హేవ్‌లాక్‌లో వెదురు గుడిసెలు, ఊయల మంచాలు మొదలైంది 1990ల్లో. పర్మిట్లు తీసుకుని వచ్చిన విదేశీ కుర్రకారు నెలకు దగ్గరగా ఉండిపోయేవాళ్లు. రైతులు కొబ్బరితోటల్లో పాకలు వేసి అద్దెకిచ్చారు. మేం ఉన్నదీ అలాంటి పాకలోనే. ఇంటామె వండిన అన్నం, చేపల పులుసు మాకు పెట్టేది. 2004లో టైమ్ పత్రిక రాధానగర్ తీరాన్ని ఆసియాలోకెల్లా మంచి తీరమని రాశాక ఆ ఊరి పేరు అందరి నోటా పడింది. అదే ఏడు డిసెంబరు 26న సునామీ వచ్చింది. నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లే పోయాయి, జెట్టీలు విరిగాయి. ప్రాణాలతో మిగిలినవాళ్లను పోర్ట్ బ్లెయిర్‌కు చేర్చడానికి, బియ్యం, మందులు తీసుకెళ్లడానికి ఓడలు రాత్రీ పగలూ తిరిగాయి. రోజూ జనాన్ని మోసే ఓడలు లేని చోట ఆపద వేళకు ఓడలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఒక్కచోట మాత్రం చవకదారిని మేం వదులుకున్నాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరానికి అండమాన్ ట్రంక్ రోడ్డు ఉంది. బస్సు త్వరగా చేరుస్తుంది, డబ్బూ తక్కువే. ఆ రోడ్డు జారవాలనే ఆదివాసుల అడవి మధ్య నుంచి పోతుంది. 1990ల చివర దాకా వాళ్లు బయటివాళ్లకు దూరంగానే బతికారు. వాళ్లు అడవి దాటి రావడం మొదలయ్యాక రోగాలు అంటుకున్నాయి, బస్సు కిటికీల్లోంచి బిస్కెట్లు విసిరేవాళ్లు మొదలయ్యారు. ఆ రోడ్డు మూసెయ్యమని 2002 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. మూతపడలేదు. వాహనాలు గుంపుగా, కాపలాతో ఇప్పటికీ పోతూనే ఉన్నాయి.

“మీరు బోటు మీదే ఎల్లండి బాబూ,” అన్నాడు మావాడి మేనమామ. “ఆళ్లూ మనిసిలే. రోడ్డు మీదికొచ్చి సేతులు సాపితే జనం నవ్వుతున్నారు. నాకు సూళ్లేక ఆ బస్సెక్కడం మానేశాను.”

మేం రంగత్‌కు బోటులోనే వెళ్లాం. సమయం ఎక్కువ పట్టింది. దిగ్లీపూర్ దాకా వెళ్లి శాడిల్ పీక్ ఎక్కాలని మావాళ్లకు ఉండేది, అది కుదరలేదు. ఇప్పుడు అడిగే కుర్రాళ్లకు కూడా నేను ఆ సముద్రపు దారినే చెబుతున్నాను.

తర్వాత అంతా వేగంగా మారింది. చవక విమానాలొచ్చాయి. కేంద్ర ఉద్యోగులకు ఎల్టీసీ అనే సెలవు ప్రయాణ రాయితీ మీద అండమాన్‌కు విమానంలో వెళ్లే వెసులుబాటు దొరికింది. దీవుల మధ్య ప్రైవేటు కంపెనీల వేగం పడవలు వచ్చాయి. ప్రభుత్వ బోటు కన్నా ధర ఎన్నో రెట్లు. యాత్రికులు వాటిలోకి వెళ్లిపోతే పాత బోట్లలో స్థానికులకు చోటు దొరుకుతుంది కదా అనుకుంటాం. నా భయం వేరే. మాట్లాడగలిగినవాళ్లంతా వేగం పడవ ఎక్కేస్తే, పాత బోటు పాడైనప్పుడు గట్టిగా అడిగేవాళ్లు ఎవరుంటారు? ఓడ విషయంలోనూ అంతే. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఓడ ఎప్పుడూ రోజూ నడిచింది కాదు. నెలకొకటి దొరికితే గొప్ప, మరమ్మతుకు పోతే అదీ లేదు. జంగ్లీఘాట్‌లో ఉన్నవాళ్లు తల్లి పోయిందని కబురొస్తే విమానం టిక్కెట్టుకి అప్పు చేస్తారు.

2023లో విశాఖ రేవులో విలాస నౌకల కోసం కొత్త క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. వెళ్లి చూశాను. బాగుంది. అదే గట్టు మీద అండమాన్ ఓడకు కూడా ఒక కౌంటరు ఉండాలి. ఏ నెల ఏ తేదీన బయలుదేరుతుందో ఆరు నెలల ముందే తెలుగులో బోర్డు మీద రాయాలి. బంక్ టిక్కెట్లలో మొదటి వాటా దీవుల్లో ఉండేవాళ్లకు కేటాయించి, మిగిలినవి సంచులు తగిలించుకొచ్చే పిల్లలకు ఇవ్వాలి. రేవు అధికారులకు ఈ మాటే అర్జీగా రాసి ఇచ్చాను. గంగవరంలోనూ, జాలారిపేటలోనూ సంతకాలు పెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు.